ఓడ జాబితాలో దొరికిన ఆడపడుచు

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధ్రువపత్రాలను గురించి, ఇంటి కాగితాలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగు సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి విరమించాము కనుక, ఆ విషయం మాకు తెలిసి ఉంటుందని వారి నమ్మకం. తెలియదని అనము. అయితే ఇతరుల కాగితాలు సరిచూడటంలోనే మా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మా ఇంటి ట్రంకు పెట్టె అడుగున ఏమున్నదో మేము చూసుకోలేదు. చూసుకొన్న నాడు ఏమి జరిగిందో చెబుతాము. దారి కొంచెం చుట్టు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ మీదుగా పోవాలి.

మేము నలుగురం మిత్రులం. ఇద్దరిది ఎల్.బి. నగర్, ఒకరిది మూసారాంబాగ్, మాది కొత్తపేట. ఉదయం నడకలో కలిసినవాళ్లం. మా నలుగురిలో ఒకరు తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు, వారు హిందువులు. మరొకరు ఆర్టీసీలో చేశారు. ఆయన కుమారుడు జోహాన్నెస్‌బర్గులో ఉద్యోగం చేస్తున్నాడు. "బాబాయిలను కూడా తీసుకొని రండి నాన్నా" అని ఆ అబ్బాయి పట్టుబట్టడంతో 2024 జనవరిలో ప్రయాణమయ్యాము. అడవిలో సింహాలను చూడాలని మిగిలిన ముగ్గురి కోరిక. మా సంచిలో మాత్రం ఒక పాత పోస్టుకార్డు నకలు ఉన్నది.

ఆ కార్డు కథ ముందుగా చెప్పాలి.

మా కుటుంబం ఒకప్పటి చిత్తూరు ప్రాంతం నుండి వచ్చింది. మా తాతగారు పని వెదుక్కుంటూ కర్నూలు వచ్చారు, మా నాన్నగారు హైదరాబాదు చేరుకున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడటం నాన్నగారి కాలంలోనే మొదలైంది. ముందు గదిలో గోడకు ఒక షజరా ఉండేది, అద్దం కట్టించి. నాన్నగారు 1960లలో పాతబస్తీలో ఒక కాతిబు చేత వ్రాయించిన వంశవృక్షం అది. అరబ్బు దేశంలో మొదలై పద్నాలుగు తరాలు దిగివచ్చి మా నాన్నగారి పేరు దగ్గర ఆగుతుంది. చక్కని దస్తూరి. బంధువులు వచ్చినప్పుడు దాని క్రింద కూర్చొనేవారు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు దానివైపు చూపించేవారు. ఆ పద్నాలుగు తరాలలో ఒక్క స్త్రీ పేరు కూడా లేదు. చిన్నప్పుడు అది మాకు వింతగా తోచనే లేదు.

మా ముత్తాతగారికి ఒక తమ్ముడుండేవాడనీ, ఓడ ఎక్కి "నెట్టాలు" పోయి తిరిగి రాలేదనీ మా నాయనమ్మ చెప్పేది. నెట్టాలంటే ఎక్కడో ఆమెకూ తెలియదు. నాన్నగారు గతించిన తరువాత ట్రంకు పెట్టె సర్దుతుంటే, పాత నిఖా కాగితాల మధ్య ఆ పోస్టుకార్డు కనిపించింది. ముద్ర మీద వెరులం అనే ఊరి పేరు, 1911. చిరునామా ఇంగ్లీషులో ఎవరి చేతనో వ్రాయించాడు. లోపల ఉన్నది తెలుగు! అరబ్బుల నుండి దిగివచ్చామని గోడ మీద వ్రాసుకొన్న ఇంటికి, ఇంటి మనిషి వ్రాసిన ఒకే ఒక్క ఉత్తరం తెలుగులో ఉన్నది.

అక్షరాలు గొలుసుకట్టుగా ఉండటంతో మాకు కొరుకుడు పడలేదు. పండితులవారు భూతద్దం పెట్టుకొని ఒక సాయంత్రమంతా కూర్చొని చదివిపెట్టారు. క్షేమ సమాచారాలు, చెరకు కోతలు, ఏటేటా మూడు పౌన్లు కట్టవలసి వస్తున్నదన్న మొర, డబ్బు పంపలేకపోతున్నందుకు క్షమాపణ. చివరలో, "అక్కయ్య కూడా బాగున్నది, మిమ్మల్ని తలుచుకుంటుంది" అన్న అర్థం వచ్చే మాట. ఈ అక్కయ్య ఎవరో మాకు అంతుపట్టలేదు. అక్కడ పరిచయమైన ఇరుగుపొరుగు మనిషి ఎవరో అయి ఉంటుందనుకొన్నాము.

ఆ కాలం సంగతి కొంత చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. నేటాలు అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నేటాల్ రాష్ట్రం. చెరకు తోటలలో పనిచేయడానికి బ్రిటిషువారు ఒప్పంద కూలీలను మన దేశం నుండి తీసుకొనిపోయారు. మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుండి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. ఆఖరి ఓడ 1911లో. ఈ మధ్య కాలంలో వెళ్లినవారు సుమారు 1,52,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండే వెళ్లారు. తమిళులు, తెలుగువారు, వారిలో కొద్దిపాటిగా ముస్లింలు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపై ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆ ఒప్పందాన్ని వాళ్లు గిరిమిట్టు అన్నారు.

1895లో చేసిన చట్టం ప్రకారం, ఆ తరువాత వచ్చినవారు అయిదేళ్లు పూర్తి కాగానే తిరిగి వెళ్లిపోవాలి, లేదా మళ్లీ కూలికి ఒప్పందం వ్రాయాలి, రెండూ కాకపోతే ఏటా మూడు పౌన్లు కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే నాలుగు నెలల జీతానికి పైమాటే. తరువాత పదహారేళ్లు దాటిన మగపిల్లలకు, పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలకు కూడా ఆ పన్ను వర్తింపజేశారు. కార్డులోని మూడు పౌన్ల మొర ఏమిటో ఇది చదివాక గాని మాకు బోధపడలేదు.

డర్బన్‌లో ఈ ఓడల జాబితాలు ప్రభుత్వ పురాభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. విశ్వవిద్యాలయంవారు వాటి నుండి పేర్లను ఎత్తి వ్రాయించి అందుబాటులోకి తెచ్చారు కూడా. హైదరాబాదులో ఉండగానే పేరుతో వెదికాము, దొరకలేదు. అక్కడికి వెళ్లి రెండు రోజులు వెదికాము, అప్పుడూ దొరకలేదు. మద్రాసు రేవులో కూర్చొన్న గుమాస్తా తన చెవికి వినిపించినట్లు వ్రాసుకొన్నాడు. దస్తగిరి, హుస్సేన్, మస్తాన్ వంటి పేర్లు ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క రూపంలో ఉన్నాయి. సాహెబు అనే మాట ఒకచోట పేరులో భాగం, మరొకచోట తండ్రి పేరుకు తోక, ఇంకొకచోట లేనేలేదు. ఆ గుమాస్తాను తప్పుపట్టే అర్హత మాకు లేదు. మేమూ అదే కుర్చీలో కూర్చొని వచ్చాము. మా చేతి మీదుగా ఎన్ని మస్తాన్‌బీలు మస్తానమ్మలయ్యారో అల్లాహ్‌కే ఎరుక.

మూడవ రోజున అక్కడి ఉద్యోగిని, ఒక జులూ యువతి, మా తంటాలు చూసి ఒక సలహా ఇచ్చింది. "పేరుతో వెదకకండి, ఊరితో వెదకండి. పేర్లు అందరివీ ఒకటే." ఆ ముక్క మాకు ముందే తట్టవలసింది. జాబితాలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస. అందులో కాలనీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడా మగా, కులం, ఎత్తు, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది గుర్తులు. మా వాళ్లది చిత్తూరు జిల్లా అని మేము చూస్తూ వచ్చాము. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో! అంతకు ముందు పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. గుమాస్తాగిరీ చేసినవాళ్లమై ఉండి ఇంత చిన్న విషయం మరచిపోయాము. ఇది మన ఇళ్లకూ వర్తిస్తుంది. మనం కూర్చొన్న ఈ ప్రాంతం 1978లో రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఎల్.బి. నగర్ మునిసిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. 1970లలో పుట్టిన మీ అక్కగారి కాగితంలో ఒక జిల్లా, మీ కాగితంలో మరొక జిల్లా ఉంటుంది. ఇల్లు కదలలేదు, జిల్లానే కదిలింది. ఈ మాట ఏ కార్యాలయంలోనైనా మీరు జంకు లేకుండా చెప్పవచ్చు.

ఉత్తర ఆర్కాటు, పలమనేరు అని వెదికితే మధ్యాహ్నానికల్లా దొరికాడు. 1896వ సంవత్సరం. పేరు వంకరపోయింది గాని తండ్రి పేరు సరిగానే ఉన్నది, ఊరు సరిగానే ఉన్నది. వయస్సు ఇరవై రెండు. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డాడని మా నాయనమ్మ చెప్పిన మచ్చ అది. ఎవరో తెల్లదొర ముందు చొక్కా విప్పి నిలబడి చూపించి ఉంటాడు.

కులం అన్న గడిలో "దూదేకుల" అని ఉన్నది.

మేము ఆ మాటను చాలాసేపు చూశాము. పండితులవారు ఏమీ అనలేదు. దూది ఏకి, పరుపులు కుట్టి, ఊరూరా విల్లు భుజాన వేసుకొని తిరిగిన మనుషులు. ఎల్.బి. నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద పోతుంటే ప్రక్కన పరుపులు కుట్టేవారు కనిపిస్తారు కదా. ఆ దారిన రోజూ పోయేవాళ్లం. ఏనాడూ బండి ఆపి పలుకరించలేదు.

ఇంకొక సంగతి ఆ ఉద్యోగిని చూపించింది. మా వాడి వరుసకు సరిగ్గా క్రిందనే, తరువాతి నంబరులో, ఒక స్త్రీ. అదే ఊరు, అదే తండ్రి పేరు, అదే కులం. వయస్సు ఇరవై ఏడు. వెంట భర్త ఉన్నట్లు వ్రాత లేదు. కార్డులోని అక్కయ్య.

తోబుట్టువులిద్దరూ కలిసి వెళ్లారు. మా ఇంట్లో తమ్ముడి కథ ఒక్కటే మిగిలింది. అక్కను ఎవరు చెరిపివేశారో, ఎందుకు చెరిపివేశారో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు. విధవరాలై ఉండవచ్చు, భర్త వదిలివేసిన మనిషి అయి ఉండవచ్చు. ఓడకు నూరుగురు మగవారుంటే నలభై మంది స్త్రీలైనా ఉండాలన్న నిబంధన ఆ రోజుల్లో ఉండేది; అందువల్ల ఒంటరి స్త్రీలను ఏజెంట్లు వెదకి పట్టుకొనేవారు. ఆడకూతురు సముద్రం దాటి కూలికి పోయిందంటే పరువు తక్కువ అనుకొన్నారు కాబోలు. తమ్ముడు పోతే సాహసం, అక్క పోతే అప్రతిష్ఠ. మా ఇల్లు ఆమెను మరచిపోయింది. కూలీలను లెక్కపెట్టుకొన్న దొరల పుస్తకం మరచిపోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ పుస్తకాన్ని పొగడటం మా ఉద్దేశం కాదు. అందులో ప్రేమతో వ్రాసిన అక్షరం ఒక్కటీ లేదు. మచ్చలు వ్రాసుకొన్నది మనిషి పారిపోతే పట్టుకోవడానికి. తల్లి పేరుకు గడి లేదు, ఎందుకంటే యజమానికి దానితో పని లేదు. కాగితం ఉన్నా ఆ మనుషులకు హక్కు రాలేదు. నంబరు ఉన్నది, ఒప్పందం ఉన్నది, రసీదులు ఉన్నాయి. అయినా మూడు పౌన్లు కట్టవలసిందే. 1913 మార్చిలో కేప్‌లోని న్యాయస్థానం మరొక దెబ్బ కొట్టింది. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాల ఆచారం ప్రకారం జరిగిన వివాహాలు అక్కడ చెల్లవన్నది న్యాయమూర్తి సెర్ల్ తీర్పు సారాంశం. ఆ వ్యాజ్యం ఒక ముస్లిం కుటుంబానిదే. భార్యకు దేశంలో అడుగుపెట్టనివ్వకపోతే భర్త కోర్టుకు వెళ్లాడు. ఒక్క కలంపోటుతో నిఖాలు, హిందూ వివాహాలు అన్నీ చెల్లనివైపోయాయి. ఆ ఏడాది గాంధీగారి సత్యాగ్రహంలోకి స్త్రీలు దిగడానికి అదొక కారణం. గనుల కార్మికులు, తోటల కూలీలు వేలాదిగా సమ్మె కట్టిన తరువాత, 1914లో మూడు పౌన్ల పన్ను పోయింది, వివాహాలకు గుర్తింపు వచ్చింది. కాగితం వలన వచ్చింది కాదది.

ఆ శుక్రవారం వెరులంలో జుమా నమాజు చదివాము. నమాజు తరువాత అక్కడి పెద్దలకు నకలు చూపించి సంగతి చెప్పాము. తెలుగు ముస్లింలంటే వారికి తెలియదు. ఒక పెద్దాయన మాత్రం నవ్వి, "మీరు హైదరాబాదు నుండి వచ్చారు, మేమూ హైదరాబాదీలమే" అన్నారు. ఎలాగంటే, గుజరాతు నుండి వచ్చిన వర్తక కుటుంబాలు కూలీల సంతతి ముస్లింలందరినీ ఒకప్పుడు ఆ పేరుతోనే పిలిచేవట. నిజాం రాజ్యం ఎన్నడూ చూడని ఆర్కాటు, నెల్లూరు మనుషులు అక్కడ హైదరాబాదీలయ్యారు. అది గౌరవంతో పెట్టిన పేరు కాదని ఆయనే చెప్పారు. సముద్రం దాటినా మనలోని మెట్లు మనతోనే వచ్చాయి.

డర్బన్ నగరంలో బాద్షా పీర్ మజారు ఉన్నది. చిత్తూరు ప్రాంతం నుండి మొదటి ఓడలోనే కూలీగా వచ్చినవారని అక్కడివారు చెప్పుకొంటారు. అక్కడ తమిళ హిందువులు, ముస్లింలు ఒకే వరుసలో నిలబడి ఉండటం చూసి, పండితులవారు తమ ఊరి పీర్ల పండుగ గుర్తుకు వచ్చిందన్నారు. ఆ తోటలలో కూలీలందరికీ కలిసి వచ్చిన పెద్ద పండుగ మొహర్రమే. తెల్లవారు దానిని కూలీల క్రిస్మస్ అనేవారట.

వెరులం పెద్దలు రెండు రోజులు ఫోన్లు చేసి, ఫీనిక్స్‌లో ఒక ఇంటికి మమ్మల్ని తీసుకొనిపోయారు. ఫీనిక్స్ అంటే వర్ణవివక్ష కాలంలో భారతీయులను వేరుగా ఉంచడానికి కట్టిన పేట. ఎనభై దాటిన ఒక అవ్వ. కుటుంబం కోరిక మేరకు పేరు చెప్పడం లేదు. మేము ఎవరమో చెప్పడానికి తడబడుతుంటే ఆమె చేయెత్తి ఆపి, కళ్లు మూసుకొని ఒక నంబరు చెప్పింది. వాళ్ల ఇంట్లో పిల్లలకు కలిమాతో పాటు ఆ నంబరు కూడా నేర్పేవారట. పండితులవారు మా నోటు పుస్తకం తెరిచి చూశారు. క్రింది వరుస నంబరు, ఆ అక్కయ్యది. ఈమె ఆమెకు మనుమరాలు.

తమ్ముడికి సంతానం లేదట. ఆ అక్కయ్య ఒప్పందం ముగిశాక అక్కడే మళ్లీ నిఖా చేసుకొని, కూరగాయలు పండించి, అమ్ముకొని, నలుగురు పిల్లలను పెంచింది. వృద్ధాప్యంలో ఇరుగుపొరుగు వారికి దిండ్లు కుట్టి ఇచ్చేదట. "దూదిని కర్రతో కొట్టి కొట్టి మేఘంలా చేసేది, మాకు తుమ్ములు వచ్చేవి" అని ఆ అవ్వ నవ్వింది. ఆమెకు తెలుగు రాదు. అవ్వ, పప్పు, రా, పో. ఈ నాలుగు మాటలు మిగిలాయి. అవి ఏ భాషవో కూడా ఆమెకు తెలియదు, ఇంటి మాటలనుకొన్నది.

ఆమె మనుమడు ఒక కార్డు తెచ్చి చూపించాడు. విదేశాలలోని భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు, వాళ్ల నాన్నది. ఓడ జాబితాలోని ఆ వరుస నకలును జతపరచి దరఖాస్తు చేశారట. నూట ఇరవై ఎనిమిది సంవత్సరాల నాటి ఒక్క వరుస చాలింది, ఆ ఇంటి మూలం భారతదేశమని ఒప్పుకోవడానికి. మాకు ఆనందం కలిగింది. వెంటనే మరొక ఆలోచన కూడా వచ్చింది. ఆ అక్కయ్య అన్నకు, అంటే ఓడ ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయినవానికి, మనుమలు మునిమనుమలమైన మా దగ్గర అటువంటి వరుస ఒక్కటైనా ఉన్నదా? మా అమ్మ పుట్టినట్లు ఏ కాగితంలోనూ లేదు. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది.

ఇది ఊరక వచ్చిన భయం కాదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన పౌరుల పట్టికలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. అక్కడ ఎక్కువ చిక్కు వచ్చింది బడికి పోకుండా చిన్న వయస్సులో పెళ్లయిన స్త్రీలకు. తండ్రి పేరు పాత జాబితాలో ఉన్నది, కాని ఆయనకు తాను కూతురినని చెప్పే కాగితం లేదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం చెల్లుతుందా లేదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బీహారులో 2025 ఆగస్టు 1న ముసాయిదా ఓటర్ల జాబితా వచ్చినప్పుడు సుమారు 65 లక్షల పేర్లు అందులో లేవు. చనిపోయినవారు, ఊరు మారినవారు వారిలో ఉన్నారు. బతికి ఉండి, ఉన్న ఊళ్లోనే ఉండి పేరు పోగొట్టుకొన్నవారూ బయటపడ్డారు.

మనల్ని బయటి నుండి వచ్చినవారని అంటే మనకు కోపం వస్తుంది. రావలసిందే. కాని మా ఇంటి గోడ మీద మేమే వ్రాసి పెట్టుకొన్నాము కదా, బయటి నుండి వచ్చామని! బయటి నుండి వచ్చినవారు అసలు లేరని మేము అనము. నిజాం సైన్యంలో చేరడానికి హజ్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతి మన బార్కస్‌లోనే ఉన్నారు. వారి వంశం వారికి గౌరవం. మా సంగతి అది కాదు. మా వాళ్లు పలమనేరు పల్లెలో దూది ఏకినవారు. ఈ మట్టి నుండి బయటికి పోయినవారు. లేని ఒంటెను గోడకు కట్టుకొని, ఉన్న విల్లును అటక మీద దాచాము.

దాని వెల కూడా మేము కట్టాము. దూదేకులవారు ఎప్పటినుండో బి.సి.-బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టంతో పద్నాలుగు ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ క్రింద నాలుగు శాతం వచ్చింది. సయ్యదులు, పఠానులు, మొగలులు, అరబ్బులు వంటివారు అందులో లేరు. షజరా మీద ఉన్న మాటనే బడి రికార్డులో వ్రాయించారు మా పెద్దలు. మా తమ్ముడి ఇంజనీరింగు చదువు, మా చెల్లెలి ఉపాధ్యాయ శిక్షణ ఫీజుల దగ్గర ఆగిపోయాయి. ఇప్పుడు ఓడ జాబితా పట్టుకొని తహసీల్దారు దగ్గరకు పోతే ఏమవుతుందో మీకు చెప్పనవసరం లేదు. ఆ బల్లకు ఇవతల కూర్చొన్న మేమే ఒప్పుకొనేవాళ్లం కాదు. ఆ ఆశ మాకు లేదు.

తిరిగి వచ్చి ఈ సంగతి ఇంట్లో చెబితే మా పెద్దన్నయ్య మూడు వారాలు మాతో మాట్లాడలేదు. "మనుమరాలి పెళ్లి అయ్యేదాకా నోరు మూసుకోలేవా?" అన్నారు. ఆయన వయస్సు డెబ్బై ఆరు. ఆయన బాధను మేము తేలికగా తీసుకోము. డెబ్బై ఏళ్లు నమ్మిన మాట అది. మనుమరాలే, "తాతా, నాకేమీ చిన్నతనం లేదు" అని ఆ కార్డు నకలును తన ఫోనులో దాచుకొన్నది. పెళ్లి ఇంకా కుదరలేదు. మేము ఈ రోజు ఇక్కడ మాట్లాడుతున్నామని అన్నయ్యకు తెలుసు. రాలేదు, వద్దనీ అనలేదు.

ఇక నిర్వాహకులు అడిగిన విషయం. ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో మేము నలుగురం కూర్చొంటున్నాము. ట్రంకు పెట్టెలలోని కాగితాలు తీసుకొనిరండి. పారవేయవలసినవి, దాచవలసినవి మేము విడదీసి చెబుతాము. తెలుగు పండితులు చదువుతారు, ఉర్దూ, ఫార్సీ చదివే పెద్దలు ఒకరు వస్తున్నారు. పాత బడి టి.సి., రేషను కార్డు, పహాణీ నకలు, పాత ఓటరు జాబితాలో తాతగారి పేరున్న పుట, కరెంటు బిల్లు అయినా సరే. 1954-55 ఖాస్రా పహాణీలో మీ తాతగారి పేరు ఉన్నదేమో చూడండి. నిజాం కాలపు ప్రభుత్వ దస్త్రాలు మనకు దగ్గరలోనే తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతం నుండి వచ్చిన కుటుంబాలకు మద్రాసులో, ఎగ్మోరులోని ఆర్కైవ్సులో కొంత దొరకవచ్చు.

అన్నిటికంటె ముఖ్యంగా ఖాజీ గారి సియాహా. మన ఆడవాళ్ల పేరు, తండ్రి పేరు, తేదీ, సాక్షులతో సహా ఒకే చోట ఉండే కాగితం అది. బడికి పోని మా అమ్మకు ఉన్న ఒకే ఒక్క ఆధారం అదే. పెళ్లయిన తరువాత అత్తవారింట్లో పేరు మార్చి పిలిస్తే పిలవండి గాని, కాగితం మీద మార్చకండి. ఒకచోట బేగం, ఒకచోట బీ, ఇంకొకచోట ఉన్నీసా, ఇట్లా వ్రాయిస్తే ముగ్గురు మనుషులవుతారు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే మూలం. ఆసుపత్రిలో పేరు వ్రాయించేటప్పుడు తొందరపడకండి. తల్లి పేరు కూడా సరిచూడండి.

మా ఇంటి షజరా ఇప్పుడు గోడ మీద లేదు. మనుమరాలు ఒక కొత్త కాగితం మీద మొదలుపెట్టింది, తెలుగులో. ఫీనిక్స్ నుండి ఆ అవ్వ ఇంటివాళ్లు ఫోనులో పేర్లు పంపుతున్నారు, ఆడవాళ్లవి, మగవాళ్లవి. మా వైపు నుండి మేము పంపుతున్నాము. మా నాయనమ్మ పుట్టింటి పేరు కనుక్కోవడానికే మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజు సెలవు తీసుకొనేటప్పుడు ఆ అవ్వ ఒక ప్రశ్న అడిగింది. "మా నాయనమ్మ తండ్రి పేరు నాకు తెలుసు, పుస్తకంలో ఉన్నది. వాళ్ల అమ్మ పేరేమిటి భాయ్?" మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు నుండి వచ్చి ఇటు స్థిరపడిన కుటుంబాలు ఎవరైనా ఈ సభలో ఉంటే, మీ ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా బతికి ఉంటే, సభ ముగిసిన తరువాత ఒక్కసారి మా దగ్గరకు రండి. ఊరి పేరు, ఆ తండ్రి పేరు మా జేబులో వ్రాసి ఉన్నాయి.